మళ్ళీ లలిత్‌పూర్‌కు, ఈసారి దస్త్రాల గదిలోకి

నేపాల్ నుంచి తిరిగి వచ్చినప్పటి నుంచి బంధువులు, పాత సహోద్యోగులు, ఇరుగుపొరుగువారు అందరూ మొదట అడుగుతున్న ప్రశ్న ఒకటే: పిల్లలు మిమ్మల్ని గుర్తుపట్టారా అని. భూకంపం వచ్చిన ఏడాది కాఠ్మాండూ పక్కనే ఉన్న లలిత్‌పూర్‌లోని ఒక అనాథాశ్రమంలో కొంతకాలం పనిచేసి వచ్చి, ఇన్నేళ్ళ తరువాత మళ్ళీ అక్కడికే స్వచ్ఛంద సేవకు వెళ్ళానంటే ఎవరికైనా ముందుగా తట్టేది ఆ ప్రశ్నే. అప్పటి పిల్లల్లో ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నవారు చాలా తక్కువ. కొందరు చదువులు ముగించి ఉద్యోగాల్లో చేరారు. ఎక్కువమంది తల్లిదండ్రుల దగ్గరికో, మేనమామల దగ్గరికో, అమ్మమ్మల దగ్గరికో చేరుకున్నారు. నన్ను మళ్ళీ రమ్మన్నది కూడా ఆ పని కోసమే. మిగిలిన పిల్లలను ఒక్కొక్కరిగా ఇళ్ళకు చేర్చడానికి కావలసిన కాగితాలు, లెక్కలు సరిచేసే మనిషి కావాలని ఆ గృహాన్ని నడిపే దీదీ రాసినప్పుడు, బ్యాంకు తనిఖీ విభాగంలో ఉద్యోగ జీవితమంతా గడిపినదాన్ని కనుక, నాకు చేతనైన పని ఇదేననిపించి వెంటనే ఒప్పుకున్నాను.

అనాథాశ్రమంలో ఉన్న పిల్లలకు ఇళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయని చాలామంది ఆశ్చర్యపోతున్నారు. దానికి సమాధానం చెప్పాలంటే కొంత వెనక్కి వెళ్ళాలి. నేపాల్‌లో 1996 నుంచి 2006 వరకు మావోయిస్టులకూ ప్రభుత్వానికీ మధ్య యుద్ధం జరిగింది. హుమ్లా, జుమ్లా, ముగు వంటి వాయవ్య కొండ జిల్లాల్లో బడులు సరిగ్గా నడవలేదు. ఎదిగిన పిల్లలను ఉద్యమంలోకి తీసుకుపోతారన్న భయం ప్రతి ఇంటినీ పట్టుకుంది. ఆ సమయంలో ఊళ్ళలోకి దళారులు వచ్చారు. కాఠ్మాండూలో ఇంగ్లీషు చదువు, మూడు పూటలా తిండి, మంచి భవిష్యత్తు అని నమ్మబలికి, ఆ మాటకు తల్లిదండ్రుల దగ్గరే డబ్బు తీసుకుని పిల్లలను నగరానికి చేర్చారు. పొలం అమ్మినవారున్నారు, అప్పు చేసినవారున్నారు. నగరానికి చేరిన తరువాత ఆ పిల్లలు కాగితాల మీద అనాథలయ్యారు, ఎందుకంటే తల్లీ తండ్రీ ఉన్న బిడ్డకు విదేశీ దాత దొరకడు. యుద్ధం ముగిసినా ఆ దారి మూతపడలేదు. పర్యాటకులు వస్తున్నారు, వచ్చినవారికి సేవ చేయాలని ఉంది, సేవ చేయడానికి పిల్లలు కావాలి.

2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం వచ్చి దాదాపు 9,000 మంది చనిపోయినప్పుడు, అనాథలను ఆదుకుంటామని ప్రపంచం నలుమూలల నుంచి డబ్బు, మనుషులు వచ్చిపడ్డారు. ఆ సంవత్సరం యూనిసెఫ్ బయటపెట్టిన లెక్క ప్రకారం, భూకంపానికి ముందే నేపాల్ బాలల గృహాల్లో 15,000 మందికి పైగా పిల్లలు ఉన్నారు. వారిలో కనీసం 85 శాతం మందికి తల్లి గాని తండ్రి గాని బతికే ఉన్నారు. ఆనాటి 75 జిల్లాల్లో, ఆ గృహాల్లో పదింట తొమ్మిది వంతులు పర్యాటకులు ఎక్కువగా తిరిగే అయిదు జిల్లాల్లోనే ఉన్నాయి. అనాథలు ఎక్కువగా ఉన్నచోట అనాథాశ్రమాలు ఉంటాయనుకుంటాం. అక్కడ విమానాశ్రయానికి, హోటళ్ళకు దగ్గరగా ఉన్నాయి. పిల్లల అపహరణకు భయపడి ప్రభుత్వం, కన్నవారు గాని అధికారిక సంరక్షకులు గాని వెంట లేకుండా పిల్లలను జిల్లా దాటించకూడదని ఆంక్ష పెట్టింది. కొత్త గృహాల నమోదునూ, విదేశీ దత్తతలనూ ఆపింది. ఆ ఆంక్షలు లేకపోయి ఉంటే మరెన్ని వేల మంది పిల్లలు కొండలు దిగి ఉండేవారో ఊహించడానికే భయమేస్తుంది.

నేను మొదట వెళ్ళింది ఆ రోజుల్లోనే. సహాయ సామగ్రి తీసుకువెళ్ళిన ఒక బృందంలో వచ్చిన సరుకుకూ, పంచిన సరుకుకూ లెక్క రాసే పని నాది. గోడలు బీటలిచ్చినందువల్ల ఆ గృహం పిల్లలు ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో టార్పాలిన్ల కింద పడుకునేవారు. మే 12న వచ్చిన రెండో పెద్ద ప్రకంపన తరువాత లోపలికి వెళ్ళడానికి పెద్దవాళ్ళకే ధైర్యం చాలలేదు. ఆ గృహాన్ని నడుపుతున్న దీదీ దళారుల వ్యవహారంలో లేని మనిషి. ఎవరో పెట్టిన గృహంలో ఉద్యోగిగా చేరి, తరువాత బాధ్యత తన మీద పడినప్పుడు పిల్లల దస్త్రాలు తిరగేసి, అందులో రాసినదానికీ పిల్లలు చెబుతున్నదానికీ పొంతన లేదని గమనించి, వారి ఊళ్ళకు మనుషులను పంపడం మొదలుపెట్టింది ఆమే. ఆ పని ఇన్నేళ్ళుగా సాగుతూనే ఉంది. ఇప్పుడు ఆ భవనంలో పై అంతస్తు ఖాళీ. గృహం అన్న పేరు బోర్డు మీద ఉన్నా, నిజానికి అది కుటుంబాలను వెతికే కార్యాలయంగా, దారిలో ఉన్న పిల్లలకు కొంతకాలం నీడగా మారింది.

ఈసారి నా రోజంతా గడిచింది దస్త్రాల గదిలో. ఒక్కో బిడ్డకు ఒక్కో అట్ట సంచీ. అందులో జనన నమోదు పత్రం, వార్డు కార్యాలయం ఇచ్చిన సిఫారసు, బడి మార్కుల కాగితాలు, తల్లిదండ్రుల మరణ నమోదు పత్రాలు. తేదీలన్నీ విక్రమ సంవత్‌లో ఉంటాయి కనుక 2072 అంటే మన 2015 అని ప్రతిసారీ లెక్క కట్టుకోవాలి. అక్కడి నెలలు మన ఏప్రిల్ మధ్యలో వైశాఖంతో మొదలవుతాయి. ఆ గదిలో చూసిన ఒక దస్త్రం గురించి రాస్తాను. పేర్లు, ఊళ్ళు మార్చి కూడా రాయను, అసలు రాయను. అది ఒక అబ్బాయిది. తండ్రి చనిపోయినట్లు ముద్రతో సహా పత్రం ఉంది. సంచీ అడుగున మాత్రం, పాత యాజమాన్యం కాలం నాటి సందర్శకుల పుస్తకం నుంచి చిరిగిన ఒక పుట మడిచి పెట్టి ఉంది. మరణ పత్రం మీద ఉన్న తేదీ తరువాత రెండు దశైన్‌లు, అంటే అక్కడి దసరా పండుగలు, గడిచాక, అదే పేరు గల మనిషి ఆ పుటలో వేలిముద్ర వేశాడు. సంబంధం అన్న గడిలో ఎవరో అతని తరఫున 'బువా' అని రాశారు, అంటే నాన్న. వచ్చిన సమయం ఉంది, వెళ్ళిన సమయం ఉంది. మధ్యలో ఉన్నది అరగంట కూడా కాదు. కొడుకును అతనికి చూపించారో లేదో ఆ పుట చెప్పదు. లక్షల రూపాయల మోసాలను పట్టుకున్న రోజుల్లో కూడా నా చేతులు వణకలేదు. ఆ నీలి వేలిముద్రను చూసినప్పుడు వణికాయి.

ఆ పుట ఇప్పుడు ఆ అబ్బాయికి ఆస్తి. ఎందుకో చెబుతాను. నేపాల్‌లో పదహారేళ్ళు నిండినవారు 'నాగరికతా' అని అక్కడ పిలిచే పౌరసత్వ పత్రం తీసుకోవాలి. అది లేకపోతే బ్యాంకు ఖాతా లేదు, డ్రైవింగ్ లైసెన్సు లేదు, పాస్‌పోర్టు లేదు, ప్రభుత్వ ఉద్యోగం లేదు, భూమి పేరు మీదికి రాదు. దాన్ని పొందాలంటే సాధారణంగా తల్లిదండ్రుల పౌరసత్వ పత్రమో, దగ్గరి బంధువు సాక్ష్యమో, దానితో పాటు సొంత వార్డు సిఫారసూ కావాలి. దొంగ కాగితాలతో అనాథలుగా మారిన పిల్లలు పెద్దవాళ్ళయ్యాక చిక్కుకునేది ఇక్కడే. పుట్టిన ఊరి పేరు తప్పు, ఇంటిపేరు మార్చినది, తండ్రి చనిపోయినట్లు ప్రభుత్వ ముద్ర. బతికున్న తండ్రి తాను బతికే ఉన్నానని నిరూపించుకుంటూ జిల్లా కార్యాలయం చుట్టూ తిరగాలి. విదేశీ దాతలు ఏళ్ళ తరబడి బొమ్మలు, స్వెట్టర్లు, లాప్‌టాప్‌లు పంపారు. ఆ యువకులకు ఇవాళ కావలసింది ఒక్క సరైన కాగితం. అందువల్ల నేను ప్రతి దస్త్రంలో ఉన్న పత్రాలను తేదీల వారీగా ఒక పట్టికలో ఎక్కించి, ఒకదానితో ఒకటి పొసగనివాటిని ఎర్ర గుర్తుతో వేరు చేశాను. ఆ పట్టిక పట్టుకుని సామాజిక కార్యకర్తలు వార్డు కార్యాలయాలకు వెళ్తారు. నేను నేపాలీ చదవగలను కాని వేగంగా కాదు. హిందీ లిపే కావడం వల్ల నెట్టుకొచ్చాను, అర్థంకాని చోట వంటింటి దీదీని పిలిచి చదివించుకున్నాను.

ఒకసారి మాత్రం కార్యాలయం వదిలి ఊరికి వెళ్ళాను. ఇంటికి చేరి కొన్నేళ్ళయిన ఒక అమ్మాయిని చూసిరావడానికి సామాజిక కార్యకర్త బయలుదేరుతూ, ఖర్చుల బిల్లులు ఎందుకు అలా ఉంటాయో మీరే వచ్చి చూడండి అని నన్నూ రమ్మన్నారు. కాఠ్మాండూ నుంచి ధులిఖేల్ మీదుగా బస్సు దోలాల్‌ఘాట్ చేరుతుంది. ఇంద్రావతి, సున్‌కోశీ నదులు అక్కడ కలుస్తాయి. వంతెన దాటి సింధుపాల్‌చోక్ కొండల్లోకి ఎక్కడం మొదలుపెట్టాక రోడ్డు మట్టిదారి అవుతుంది, ఆ దారి కూడా ఒకచోట ఆగిపోతుంది. భూకంపంలో అన్ని జిల్లాలకన్నా ఎక్కువ మంది చనిపోయింది ఈ జిల్లాలోనే. ఆ అమ్మాయి ఇల్లు కొత్తది, రాయి గోడలు, రేకు కప్పు. ఇల్లు కూలినవారికి ప్రభుత్వం విడతలుగా ఇచ్చిన 3 లక్షల నేపాలీ రూపాయలతో కట్టుకున్నది. మన రూపాయికి వారి రూపాయి 1.60 చొప్పున స్థిరంగా ఉంటుంది కనుక అది మన డబ్బులో రెండు లక్షలకు కొంచెం తక్కువ. చూరు కింద మొక్కజొన్న కంకులు వరసగా కట్టి ఉన్నాయి.

మేము వెళ్ళేసరికి ఆ అమ్మాయి నానమ్మతో గట్టిగా వాదిస్తోంది. ఏమిటని అడిగితే మేకను ఎవరు కట్టివేయాలన్న దాని మీద అని కార్యకర్త నవ్వుతూ చెప్పారు. ఆ వాదన తమాంగ్ భాషలో జరుగుతోంది. గృహంలో ఉన్నప్పుడు ఆ అమ్మాయికి నేపాలీ, ఇంగ్లీషు తప్ప ఏమీ రావు. మొదటిసారి ఇంటికి తీసుకువచ్చినప్పుడు నానమ్మ మాట్లాడింది అర్థం కాక ఏడ్చిందని దస్త్రంలో నేనే చదివాను. ఇప్పుడు పోట్లాడేంత భాష వచ్చింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషాన్ని దేనితో కొలవాలో తెలియదు. కార్యకర్త అమ్మాయిని వేరుగా తీసుకువెళ్ళి మాట్లాడారు: బడికి రోజూ వెళ్తున్నావా, ఎక్కడ పడుకుంటున్నావు, ఎవరైనా కొడుతున్నారా, పెళ్ళి మాటలేమైనా వస్తున్నాయా, తిరిగి రావాలని ఉందా అని. ఈ ప్రశ్నలు ప్రతి రాకలోనూ అడుగుతారు, ప్రతిసారీ ఒంటరిగానే అడుగుతారు. అంతవరకు నేను అరుగు మీద కూర్చుని నానమ్మతో కలిసి మొక్కజొన్న గింజలు ఒలిచాను. తల్లి మాకు ఢిండో పెట్టింది. కోదో పిండితో కలియబెట్టి చేస్తారు. కోదో అంటే మన రాగులే కనుక, మా ఇంటి సంకటి తింటున్నట్లే ఉంది, పక్కన పుల్లటి గుంద్రుక్ పులుసు తప్ప.

ఆ కుటుంబానికి గృహం ఇస్తున్నది బడి ఖర్చు, రెండు మేకలు, ఏడాదికి కొన్నిసార్లు కార్యకర్త రాక. అదే అమ్మాయిని కాఠ్మాండూ లోయలో ఉంచితే అయ్యే ఖర్చులో ఇది సగం కూడా లేదని పుస్తకాలు నేనే చూశాను కనుక చెప్పగలను. అయినా దాతలు దీనికి డబ్బివ్వడానికి వెనకాడతారు. వంద మంది పిల్లలున్న భవనం ఫోటోలో కనిపిస్తుంది. కొండ మీద ఎక్కడో ఒక ఇంట్లో నానమ్మతో పోట్లాడుతున్న పిల్ల ఫోటోలో కనిపించదు, కనిపించకూడదు కూడా.

అందరినీ ఇలా చేర్చగలిగారని నేను చెబితే అది అబద్ధమవుతుంది. నిజంగానే ఎవరూ లేని పిల్లలు ఉన్నారు. తాగి కొట్టే తండ్రి దగ్గరికి పంపలేక ఆపిన పిల్లలు ఉన్నారు. వైకల్యం ఉన్న పిల్లలను ఊరికి పంపితే అక్కడ చికిత్స లేదు, చేర్చుకునే బడి లేదు. హుమ్లా నుంచి వచ్చినవారి ఇళ్ళకు చేరాలంటే సాధారణంగా నేపాల్‌గంజ్ వెళ్ళి అక్కడి నుంచి సిమికోట్‌కు చిన్న విమానం ఎక్కి, ఆపైన నడవాలి. వాతావరణం బాగుంటేనే విమానం. పదేళ్ళు నగరంలో పెరిగిన ఒక కుర్రాడు ఊరికి వెళ్ళి, పొలం పని చేయలేక, అమ్మానాన్నలతో మాట కలవక, ఒక పంట కాలం కూడా నిలవకుండా తిరిగి వచ్చాడు. అతన్ని తిరిగి రానిచ్చారు, తప్పు పట్టలేదు. ఇప్పుడు సెలవులకు మాత్రం ఊరికి వెళ్తున్నాడు, దశైన్‌కు తండ్రి చేత నుదుట టీకా బొట్టు పెట్టించుకుని, చెవి వెనక జమరా మొలకలు పెట్టుకుని వస్తున్నాడు. ఇది తొందరపడితే పాడయ్యే పని. ఒక గృహం మంచిది కాదని తెలిసిన మర్నాడే తాళం వేసి పిల్లలను బస్సు ఎక్కించడం కూడా వారికి మరో అన్యాయమే.

ఇక పిల్లలతో ఆడుకోవడం గురించి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు, బస్సు దిగి గేటు లోపలికి అడుగు పెట్టగానే నాలుగైదేళ్ళ పిల్లలు పరుగున వచ్చి చేయి పట్టుకున్నారు, ఒళ్ళో ఎక్కారు. మాతో వచ్చినవారందరూ కరిగిపోయారు. ఇంటి దగ్గర పెరుగుతున్న ఆ వయసు పిల్లవాడు కొత్తవారిని చూస్తే తల్లి కొంగు వెనక దాక్కుంటాడు. ముక్కూమొహం తెలియని మనిషి ఒళ్ళో ఎక్కే బిడ్డ, దాక్కోవడానికి కొంగు లేని బిడ్డ. ఈ మాటను శాస్త్రజ్ఞులు ఎప్పుడో చెప్పారు. రొమేనియాలో అప్పటి పాలకుడు చౌసెస్కు 1966లో గర్భస్రావాలను నిషేధించడంతో పోషించలేని కుటుంబాలు పిల్లలను ప్రభుత్వ సంస్థల్లో వదిలాయి. 1989లో ఆ పాలన కూలేనాటికి అలాంటి పిల్లలు లక్షకు పైగా ఉన్నారు. 2000లో ఆ దేశ రాజధాని బుఖారెస్ట్‌లో మొదలైన ఒక పరిశోధనలో సంస్థల్లో ఉన్న 136 మంది పసిపిల్లలను తీసుకుని, సగం మందిని పెంపుడు కుటుంబాల్లో ఉంచి, మిగతావారితో పోల్చి చూశారు. కుటుంబాల్లోకి వెళ్ళినవారి తెలివితేటలు, మాట, అనుబంధం మెరుగుపడ్డాయి. రెండేళ్ళ వయసులోపు వెళ్ళినవారికి మేలు ఇంకా ఎక్కువ జరిగింది. బిడ్డకు కావలసింది రేపు కూడా కనిపించే మొహం. మూడు వారాలు గుండెల మీద పడుకోబెట్టుకుని నాలుగో వారం విమానం ఎక్కే మనిషి ఎంత మంచిదైనా, ఆ బిడ్డ లెక్కలో వెళ్ళిపోయిన మరో మనిషే.

అందుకే ఆ గృహంలో ఇప్పుడొక నియమం ఉంది. బయటి నుంచి వచ్చినవారు, ఎవరైనా సరే, పిల్లలుండే అంతస్తుకు వెళ్ళరు, పిల్లలతో కలిసి భోజనానికి కూర్చోరు, ఫోటోలు తీయరు. నేను మధ్యాహ్నం దాల్ భాత్ సిబ్బందితో కలిసి వంటగది పక్కన తిన్నాను. పిల్లలు బడి నుంచి వచ్చేటప్పుడు మెట్ల దగ్గర ఎదురైతే నమస్తే అనేవారు, నేనూ నమస్తే అనేదాన్ని. మనసు లాగలేదని అనను. కాని పాత పిల్లల్లో ఒకమ్మాయి, ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది, కార్యాలయానికి వచ్చినప్పుడు చెప్పిన మాట విన్నాక ఆ నియమం మీద నాకు గౌరవం పెరిగింది. చిన్నప్పుడు వచ్చిన విదేశీ అక్కలందరూ మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళేవారని, వారి పేర్లు గోడ మీద పెన్సిల్‌తో రాసుకునేదాన్నని, ఒక వయసు వచ్చాక పేర్లు అడగడమే మానేశానని ఆమె ఎలాంటి ఫిర్యాదూ లేని గొంతుతో చెప్పింది.

రోజూ కనిపించే మొహాలు ఎవరివి? అక్కడ పనిచేసే ఆయాలవి, వంట దీదీవి, రాత్రి కాపలా దాయివి (దాయి అంటే నేపాలీలో అన్న). నా పనిలో రెండో సగం వీరి గురించే. వీరి జీతాలు చాలాకాలం ఎవరికి తోచినట్లు వారు ఇస్తూ వచ్చారు. జీతం చాలక ఏడాదికొకరు మారిపోతే, పిల్లలకు అదీ ఒక ఎడబాటే. నేపాల్ సామాజిక భద్రతా నిధిలో ఉద్యోగి మూల వేతనంలో 31 శాతం జమ కావాలి. అందులో 11 శాతం ఉద్యోగిది, 20 శాతం యజమానిది. దశైన్‌కు ఒక నెల మూల వేతనం పండుగ ఖర్చుగా ఇవ్వాలి. ఇవన్నీ ముందే బడ్జెట్‌లో పెట్టి, దాతలకు పంపే నివేదికలో దాచకుండా మొదటి పుటలోనే చూపించాలని దీదీకి చెప్పాను. జీతాలకు మేం డబ్బివ్వం, పిల్లలకే ఇస్తాం అనే దాతలు ఉంటారు. పిల్లవాడికి జ్వరం వస్తే రాత్రంతా మేలుకునే మనిషి జీతం పిల్లవాడి ఖర్చు కాకపోతే మరేది అవుతుందో వారు ఆలోచించాలి.

నేను బయలుదేరే ముందు అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురు ఫోన్ చేసింది.

"అక్కా, మా అమ్మాయిని కూడా నీతో తీసుకెళ్ళవా? వేసవి సెలవుల్లో రెండు వారాలు ఆ పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంది. దానికి పిల్లలంటే ప్రాణం, కాలేజీ దరఖాస్తుకూ పనికొస్తుంది," అంది.

"నువ్వు అడిగావని కాదనడం నాకూ కష్టమే చెల్లీ. మీ ఊళ్ళో బడికి, ఎవరో తెలియని పదిహేడేళ్ళ పిల్ల వచ్చి రెండు వారాలు పాఠం చెబుతానంటే, ఏ తనిఖీ లేకుండా రానిస్తారా?" అని అడిగాను.

కాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ అమ్మాయే ఫోన్ తీసుకుంది. "పెద్దమ్మా, మరి నేను ఏం చేయగలను?" అని అడిగింది. నిజాయితీగా అడిగిన ప్రశ్న అది, కొట్టిపారేయడానికి నాకు మనసు రాలేదు. పర్యాటక వీసా మీద వెళ్ళి స్వచ్ఛంద సేవ చేయడానికి నేపాల్ చట్టం ఒప్పుకోదని, మనవంటి భారతీయులకు వీసా అవసరం లేకపోయినా ఆమె పాస్‌పోర్టు అమెరికాదని ముందు చెప్పాను. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2019 డిసెంబరులో చేసిన తీర్మానం అనాథాశ్రమాల్లో స్వచ్ఛంద సేవ, పర్యాటకం వల్ల పిల్లలకు జరిగే హానిని అరికట్టమని దేశాలను కోరిందని, ఆస్ట్రేలియా అయితే 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడే అనాథాశ్రమాల కోసం పిల్లలను తరలించడాన్ని ఆ బానిసత్వంలో భాగంగా గుర్తించిందని చెప్పి, చదువుకోమన్నాను. ఆ అమ్మాయి చదివింది. ఇప్పుడు గృహం దాతలకు పంపే నివేదికల ఇంగ్లీషును తానే దిద్దుతోంది, పేర్లు తీసేసిన ప్రతులను మాత్రమే చూస్తుంది. తన బడిలో స్నేహితులతో కలిసి ఒక ఆయా జీతానికి సరిపడా డబ్బు పోగుచేస్తోంది.

ఇది రాస్తున్నప్పుడు మన ఊళ్ళ సంగతి గుర్తుకు రాకుండా ఉండదు. మా హన్మకొండలోనూ, తెలుగు రాష్ట్రాల్లో ఏ పట్టణంలోనైనా, పుట్టినరోజుకో పెద్దల సంవత్సరికానికో అనాథాశ్రమంలో భోజనాలు పెట్టించడం మంచి ఆచారంగా పాతుకుపోయింది. అన్నం పెట్టాలన్న ఆ బుద్ధిని నేను ఒక్క మాట అనను. కాని కేకు మన బిడ్డ కోస్తుంటే చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టడానికి అక్కడి పిల్లలను పిలవకండి, వారితో ఫోటోలు దిగి వాట్సాప్‌లో పెట్టకండి. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపును, ఫోటోను బయటపెట్టకూడదని మన 2015 బాల న్యాయ చట్టం కూడా చెబుతోంది. సరుకు ఇవ్వండి, వంటవారికి డబ్బివ్వండి, భోజనం వేళకు మీరు అక్కడ ఉండనక్కరలేదు. మన దేశంలో కూడా పేదరికం వల్ల బిడ్డను సంస్థలో వదలకుండా ఇంట్లోనే పెంచుకోవడానికి కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. భర్త పోయిన ఒక పనిమనిషికో, మనవళ్ళను పెంచుతున్న ఒక ముసలమ్మకో ఆ దరఖాస్తు నింపిపెట్టి, జిల్లా బాలల సంరక్షణ కార్యాలయానికి వెంట వెళ్ళి రావడం నా దృష్టిలో పది పుట్టినరోజు భోజనాలకన్నా పెద్ద సేవ. ఆపదలో ఉన్న బిడ్డ కనిపిస్తే పిలవవలసిన నంబరు ఇక్కడా 1098, నేపాల్‌లోనూ 1098.

మళ్ళీ ఎప్పుడు వెళ్తావని అడుగుతున్నవారికి చెబుతున్నాను. నేపాల్‌లో ఆర్థిక సంవత్సరం శ్రావణం మొదటి తేదీన, మన లెక్కలో జూలై మధ్యలో, మొదలవుతుంది. పాత సంవత్సరం ఖాతాలు ముగించి ఆడిటర్‌కు అప్పగించే సమయానికి నేను అక్కడ ఉండాలని అనుకున్నాము. అంతవరకు నెలనెలా రసీదుల ప్రతులు నాకు వస్తాయి, నేను ఇక్కడి నుంచే చూసి పంపుతాను. ఎర్ర గుర్తు పెట్టిన దస్త్రాల్లో కొన్నింటికి వార్డు కార్యాలయాల నుంచి జవాబులు రావడం మొదలైంది. ఆ నీలి వేలిముద్ర ఉన్న దస్త్రానికి ఇంకా రాలేదు. దానికోసం కార్యకర్త వానలు మొదలయ్యేలోపు ఆ ఊరికి వెళ్తారు. లెక్కలు తెలిసి, పిల్లలతో ఫోటో అక్కర్లేక, ఏడాదికి కొన్ని గంటలు క్రమం తప్పకుండా ఇవ్వగల తెలుగువారు ఎవరైనా ఉంటే నాకు రాయండి. దేవనాగరి చదవడం వస్తే మరీ మంచిది.